టాటా లాభంలో 66 శాతం దానానికే పోతుందా? రతన్ టాటా గురించి ఒక ఆడిటరు జవాబు

ఆదోని నుంచి ఒక బీకాం విద్యార్థి మూడు సంగతులు అడిగారు. టాటా కంపెనీల లాభంలో 66 శాతం దానధర్మాలకే పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట నిజమేనా? రతన్ టాటా అసలు ఏం చేసి అంత పేరు తెచ్చుకున్నారు? వాళ్ల నాయన, చిన్నాయన కలిసి నడిపే జిన్నింగు మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) తరఫున తామూ అలాంటి ట్రస్టు ఒకటి పెట్టి, దానికి రతన్ టాటా పేరే పెట్టుకోవచ్చా? నేను అనంతపురంలో చాలా ఏళ్లుగా ఆడిటు పని చేస్తున్నాను. మిల్లులు, మండీల లెక్కలతో పాటు ట్రస్టులు, సొసైటీల పద్దులు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి. రతన్ టాటా మంచితనం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను లెక్క వైపు నుంచి చెప్తాను.

మొదటి ప్రశ్నకు జవాబు, కాదు. 66 శాతం అనేది లాభంలో భాగం కాదు, యాజమాన్యంలో వాటా. టాటా సన్స్ అని ఒక కంపెనీ ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్, టాటా స్టీల్, టాటా మోటార్స్, టాటా పవర్, తాజ్ హోటళ్లు నడిపే ఇండియన్ హోటల్స్ లాంటి వాటికి అదే తల్లి కంపెనీ. ఆ టాటా సన్స్ షేర్లలో దాదాపు 66 శాతం ధర్మ ట్రస్టుల పేరున ఉన్నాయి. షాపూర్‌జీ పల్లోంజీ కుటుంబానికి 18 శాతం పైచిలుకు ఉంది. మిగిలింది గ్రూపు కంపెనీలకు, టాటా కుటుంబ సభ్యులకు. రతన్ టాటా బతికుండగా ఆయన సొంత పేరున ఉన్నది 0.83 శాతం. ఒక్క శాతం కూడా కాదు.

మరి ట్రస్టులకు డబ్బు ఎట్లా చేరుతుంది? టీసీఎస్ లాభం సంపాదించి డివిడెండు, అంటే వాటాదారులకు పంచే లాభం, ఇస్తుంది. అందులో 70 శాతానికి పైగా టాటా సన్స్‌కు వస్తుంది. టాటా సన్స్ తన లాభంలో కొంత డివిడెండుగా పంచుతుంది. అందులో 66 శాతం ట్రస్టులకు. అంటే రెండు వడపోతలు దాటి వస్తుంది. 2023-24 లెక్క చూడండి. ఆ ఏడాది టాటా సన్స్ లాభం దాదాపు 34,650 కోట్లు. షేరుకు 35,000 రూపాయల చొప్పున పంచిన డివిడెండు మొత్తం దాదాపు 1,415 కోట్లు. అందులో ట్రస్టుల వంతు 930 కోట్ల చిల్లర. నూరు రూపాయల లాభంలో మూడు రూపాయలు కూడా కాదన్నమాట. 930 కోట్లు చిన్న మొత్తమని నేననను. 66 శాతం అనే మాటకు మాత్రం దీనికీ పొంతన లేదు.

మిగతా సొమ్ము టాటా సన్స్‌లోనే ఉండి ఎయిరిండియా లాంటి కొత్త పెట్టుబడులకు పోతుంది. దానివల్ల ట్రస్టుల చేతిలోని షేర్ల విలువ పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. మన ఊళ్లలో దేవుడి మాన్యం ఉంటుంది చూడండి. భూమి దేవుడిది, సాగు రైతుది, కౌలు వచ్చిందా లేదా, గట్టు తెగిందా అని చూసుకోవాల్సింది ధర్మకర్త. టాటా సన్స్‌లో 66 శాతం అటువంటి మాన్యం. రతన్ టాటా బతికినంతకాలం దానికి ధర్మకర్త. దాత ఆయన కాదు.

దాత ఎవరో తెలియాలంటే ఇంకో రతన్ టాటా దగ్గరికి పోవాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే. టాటాల మూలపురుషుడు జంషెడ్జీకి ఇద్దరు కొడుకులు, పెద్దాయన దోరాబ్జీ, చిన్నాయన సర్ రతన్ టాటా. ఈ సర్ రతన్ 1918లో పిల్లలు లేకుండా పోయారు. 1919లో ఏర్పడిన సర్ రతన్ టాటా ట్రస్టు ఆయన ఆస్తితో పుట్టింది. మనకు తెలిసిన రతన్ టాటా పుట్టింది 1937 డిసెంబరు 28న. దోరాబ్జీ దంపతులకూ సంతానం లేదు. భార్య మెహెర్‌బాయి 1931లో రక్త క్యాన్సరుతో చనిపోయారు. మరుసటి ఏడాది దోరాబ్జీ తన ఆస్తినంతా, భార్య నగలతో సహా, ట్రస్టుకు రాసేశారు. ఆ నగల్లో 245 క్యారట్ల జూబిలీ వజ్రం కూడా ఉంది. 1932లోనే ఆయనా పోయారు. 1936లో సామాజిక శాస్త్రాల సంస్థ టిస్, 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ క్యాన్సరు ఆసుపత్రి, 1945లో హోమీ భాభా చేతుల మీదుగా మౌలిక విజ్ఞాన పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వచ్చింది ఈ సొమ్ముతోనే.

సర్ రతన్ భార్య నవాజ్‌బాయి, భర్త పోయాక, పార్సీల అనాథాశ్రమంలో ఉన్న నావల్ అనే పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నారు. ఆ నావల్ కొడుకే మన రతన్ టాటా. తల్లిదండ్రులు విడిపోవడంతో పదేళ్ల వయసు నుంచి ఈ అవ్వ దగ్గరే పెరిగారు. ఏ ట్రస్టుకు తర్వాత అధ్యక్షుడయ్యారో, దానికి ఆస్తి ఇచ్చిన మనిషి భార్య చేతి అన్నం తిని పెరిగారన్నమాట. ఆయన జీవిత చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. ట్రస్టు సొమ్మును ఆయన ఎప్పుడూ సొంతం అనుకోలేదంటే, సొంతం కాదని చిన్నప్పటినుంచీ ఇంట్లో కనిపిస్తూ ఉండటం కూడా ఒక కారణమై ఉంటుంది.

ఇక ఉద్యోగ జీవితం. అమెరికాలోని కార్నెల్‌లో ఆర్కిటెక్చరు చదివి, లాస్ ఏంజెలెస్‌లో కొన్నాళ్లు పని చేసి, అవ్వకు జబ్బు చేసిందని 1962లో తిరిగొచ్చారు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర కార్మికులతో కలిసి పనిచేశారు. 1971లో నెల్కో అనే రేడియోల కంపెనీని అప్పజెప్పారు. అది అప్పటికే నష్టాల్లో ఉంది. 1977లో నాగపూర్‌లోని ఎంప్రెస్ మిల్లు ఇచ్చారు. పత్తి వ్యాపారం చేసే మీ ఇంట్లో వాళ్లకు ఈ కథ బాగా ఎక్కుతుంది. 1877లో జంషెడ్జీ మొదలుపెట్టిన నూలు మిల్లు అది, టాటా సామ్రాజ్యానికి పునాది. పాత యంత్రాలు, ఎక్కువమంది కార్మికులు. 50 లక్షలు పెడితే నిలబడుతుందని రతన్ టాటా అడిగారు. గ్రూపులోని పెద్దలు ఒప్పుకోలేదు. 1986లో మిల్లు మూతపడింది. ఆ మాట ఆయన మనసులో చాలాకాలం ఉండిపోయింది.

1991 మార్చిలో అప్పటి ఛైర్మన్ జేఆర్‌డీ టాటా తన తర్వాత టాటా సన్స్ ఛైర్మన్‌గా ఈయన్ను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టినంత మాత్రాన ఎవరూ వినలేదు. ఉక్కులో రూసీ మోదీ, టాటా కెమికల్స్, టీ వైపు దర్బారీ సేఠ్, తాజ్ హోటళ్లలో అజిత్ కేర్కర్, ఎవరి సంస్థానం వాళ్లదే. పేరుకు అన్నీ టాటా కంపెనీలు. టాటా సన్స్‌కు వాటిలో ఉన్న వాటా మాత్రం చాలా తక్కువ. టిస్కోలో (టాటా స్టీల్ పాత పేరు) అయితే టాటాల కంటే బిర్లాలకే ఎక్కువ షేర్లు ఉండేవి. 

దీనికి తోడు చట్టం నుంచి ఒక పీట ముడి ఉండేది. 1963లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ట్రస్టుల చేతిలో పెద్ద ఎత్తున షేర్లు ఉంటే వాటి ఓటు ప్రభుత్వం నియమించిన పబ్లిక్ ట్రస్టీది. 2000 సవరణతో గానీ ఆ పద్ధతి పోలేదు. అంటే ట్రస్టులకు ఆస్తి ఉంది, కంపెనీల్లో మాట లేదు. ఆయన ఛైర్మన్ అయిన తొలి పదేళ్లూ ఈ పరిస్థితిలోనే గడిచాయి.

ఆయన చేసిన పని పైకి చూస్తే చప్పగా ఉంటుంది. అధిపతులకు పదవీ విరమణ వయసు పెట్టి, దాన్ని అమలు చేయించారు. ఒక్కొక్కరే దిగిపోయారు. టాటా సన్స్ రైట్స్ ఇష్యూ ద్వారా, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇచ్చి, డబ్బు సమకూర్చుకుని, ముఖ్యమైన కంపెనీల్లో వాటాను 26 శాతం వరకు పెంచుకుంటూ పోయారు. 26 శాతం ఎందుకంటే, పావు వంతు దాటితే మీ ఒప్పుదల లేకుండా, ముప్పాతిక ఓట్లు కావాల్సిన ప్రత్యేక తీర్మానాన్ని ఎవరూ నెగ్గించలేరు. టాటా పేరు వాడుకునే కంపెనీలు టాటా సన్స్‌కు ఏటా రుసుము కట్టాలన్నారు. పాత వ్యాపారాలు కొన్ని అమ్మేశారు. సబ్బుల కంపెనీ టామ్‌కో 1993లో హిందుస్థాన్ లీవర్‌కు పోయింది, తర్వాత లాక్మే కూడా. 2004లో టీసీఎస్‌ను షేర్ మార్కెట్‌కు తీసుకొచ్చారు. ఈ చివరిది ఒక్కటి లేకుంటే నేను పైన చెప్పిన 930 కోట్ల లెక్క ఊహకు కూడా అందదు. మాన్యం గట్లు వేయించి, బావి తవ్వించినట్టు. నా దృష్టిలో ఆయన దానధర్మాల్లో సగం ఇక్కడే ఉంది, ఏ ఆసుపత్రి శిలాఫలకం మీదా కనబడదు.

జనానికి గుర్తుండేవి మాత్రం కార్లు, కొనుగోళ్లు. 1998 చివర్లో ఇండికా. ఆ తర్వాత 2000-01లో టాటా మోటార్స్ 500 కోట్ల నష్టం చూసింది, ఆ తర్వాతే ఇండికా నిలదొక్కుకుంది. 2000లో బ్రిటన్ టీ కంపెనీ టెట్లీ, 2007లో ఉక్కు కంపెనీ కోరస్, 2008లో 230 కోట్ల డాలర్లకు జాగ్వార్ ల్యాండ్ రోవర్. ఆయన దిగిపోయేనాటికి గ్రూపు టర్నోవరు దాదాపు 10,000 కోట్ల డాలర్లు. ఎక్కేనాటికి 600 కోట్ల లోపు. కోరస్‌కు పోటీలో పడి పెట్టిన ధర, 1,200 కోట్ల డాలర్లు, ఎక్కువే అని నా అభిప్రాయం. ఆ వెంటనే ప్రపంచ మాంద్యం వచ్చింది. బ్రిటన్ ఉక్కు వ్యాపారం ఏళ్ల తరబడి డబ్బు తాగింది. చివరికి 2024 సెప్టెంబరులో పోర్ట్ టాల్బట్‌లో ఆఖరి కొలిమి ఆర్పేశారు. నానో కూడా అంతే. లక్ష రూపాయల కారు ఆలోచన గొప్పది. బెంగాల్‌లోని సింగూరు భూముల గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌కు మారింది, కారు మీద చౌక ముద్ర పడింది, 2018లో తయారీ ఆగిపోయింది. ధర్మకర్త పందెం కాస్తే ఓడేది దేవుడి సొమ్మే కదా. ఆయన భక్తులు ఈ మాట రాయరు.

2012 డిసెంబరు 28న, 75 నిండిన రోజున, తాను పెట్టిన నియమం ప్రకారమే తప్పుకున్నారు. ఆ కుర్చీలోకి షాపూర్‌జీ పల్లోంజీ కుటుంబానికి చెందిన సైరస్ మిస్త్రీ వచ్చారు. 2016 అక్టోబరు 24న బోర్డు ఆయన్ని తీసేసింది. ఛైర్మన్ కుర్చీలో మళ్లీ కొన్ని నెలలు రతన్ టాటానే కూర్చుని, 2017లో టీసీఎస్‌ను నడిపిన చంద్రశేఖరన్‌కు అప్పగించారు. కోర్టుల్లో తగవు నడిచి 2021 మార్చి 26న సుప్రీంకోర్టు టాటాల వైపు తీర్పు ఇచ్చింది. చట్టం సరే. అసలు చిక్కు వేరే. యజమాని ట్రస్టు, నడిపేది ఛైర్మన్. ఏ నిర్ణయం వరకు ఛైర్మన్‌ను వదిలేయాలి, ఎక్కడ ట్రస్టును అడగాలి? అది కాగితం మీద తేటగా లేనప్పుడు ఎంత పెద్దమనుషులైనా కొట్టుకుంటారు. మిస్త్రీని తీసేసిన తీరు నాకు నచ్చలేదు. ముందు చెప్పకుండా ఒక మీటింగులో పని ముగించారు, అంత అవసరమా అనిపించింది.

ఇక ట్రస్టుల ఖర్చు. మన రాయలసీమకు దగ్గరి ఉదాహరణ తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి, స్వీకార్ అంటారు. స్థలం తితిదేది, ఆసుపత్రి టాటా ట్రస్టులది. 2018 ఆగస్టు 31న శంకుస్థాపనకు రతన్ టాటా స్వయంగా వచ్చారు. 2022 మేలో ప్రారంభమైంది. కడప, అనంతపురం నుంచి వెల్లూరుకో బెంగళూరుకో హైదరాబాదుకో పోయి, అద్దె గదుల్లో ఉండి కీమో చేయించుకున్న కుటుంబాలకు దీని విలువ తెలుసు. అసోంలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కట్టిన ఏడు క్యాన్సరు ఆసుపత్రులు 2022 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. కోల్‌కతాలో 2011లోనే ఒకటి వచ్చింది. ఇది 1941 నాటి పాత పద్ధతే. ట్రస్టు కట్టడానికి ముందుకొస్తుంది, స్థలమో నిర్వహణో ప్రభుత్వం పంచుకుంటుంది. బొంబాయి ఆసుపత్రి కూడా తర్వాత కేంద్రం చేతికే పోయింది, ఇప్పుడు అణుశక్తి శాఖ కింద ఉంది. కట్టిన ప్రతిదాన్నీ జీవితాంతం తామే మోస్తే కొత్తది కట్టడానికి డబ్బు ఎక్కడిది?

2020 మార్చిలో కరోనాకు టాటా ట్రస్టులు 500 కోట్లు, టాటా సన్స్ 1,000 కోట్లు ప్రకటించాయి. కార్నెల్‌కు 2008లో ఇచ్చిన 5 కోట్ల డాలర్లలో మన విద్యార్థుల ఉపకార వేతనాలు, మన దేశ వ్యవసాయం, పోషకాహారం మీద పరిశోధన ఉన్నాయి గనుక దాన్ని సమర్థిస్తాను. 2010లో హార్వర్డ్‌లో భవనానికి టాటా కంపెనీలు, ట్రస్టులు ఇచ్చిన మరో 5 కోట్ల డాలర్లు మాత్రం నాకు మింగుడు పడవు. హార్వర్డ్‌కు డబ్బుకు కొదవా! సొంత ఆస్తి విషయానికొస్తే, 2024 అక్టోబరు 9న ఆయన చనిపోయాక బయటికొచ్చిన వీలునామాలో పెద్ద భాగం తన పేరు మీదున్న ధర్మ సంస్థలకే రాశారని పత్రికల్లో వచ్చింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. తోబుట్టువులకు, స్నేహితులకు, వంటవాడికి, పెంపుడు కుక్కకు కూడా మరచిపోకుండా ఏర్పాటు చేశారు.

మన సీమలో దాత అంటే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గుర్తొస్తారు. 1866 కరువులో సొంత గాదెలు ఖాళీ చేసి వేలమందికి గంజి పోసిన మనిషి. అది ఒక రకం. అనంతపురంలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ నిలబెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఇంకో రకం. స్పెయిన్‌లో వేల కుటుంబాలు నెలనెలా పంపే చిన్న మొత్తాలతో బత్తలపల్లి ఆసుపత్రి, బడులు, ఇళ్లు నడిచాయి. అక్కడ దాతల నమ్మకమే మూలధనం, వాళ్లు పంపడం ఆపితే అంతా ఆగుతుంది. టాటాలది మూడో రకం. వ్యాపారం నిలబడినంతకాలం ఎవరినీ అడగనక్కర్లేదు, వ్యాపారం చెడితే మాత్రం దానమూ చెడుతుంది.

ఇప్పుడు మీ మిల్లు సంగతి. టాటాల పద్ధతిని ఈ రోజు మీరు అచ్చంగా తీసుకోలేరు. ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే ధర్మ ట్రస్టు మామూలు కంపెనీల షేర్లలో, వ్యాపారాల్లో డబ్బు పెట్టకూడదు. బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్ల లాంటి చట్టం ఒప్పుకున్న వాటిలోనే ఉంచాలి. 1973 జూన్ 1 నాటికే మూలనిధిలో ఉన్న ఆస్తికి మాత్రం ఈ నియమం నుంచి వెసులుబాటు ఉంది, టాటాల పాత ట్రస్టులు ఆ తేదీకి చాలా ముందే పుట్టాయి. కాబట్టి మిల్లులో వాటాను ట్రస్టు పేరున రాయించే ఆలోచన మానుకోండి.

మీది భాగస్వామ్య సంస్థ. లాభంలో 2 శాతం సమాజ సేవకు ఖర్చు పెట్టాలనే, కంపెనీల చట్టంలోని సీఎస్‌ఆర్ నిబంధన మీకు వర్తించదు. కంపెనీలకైనా నికర ఆస్తి 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, లాభం 5 కోట్లో ఉంటేనే అది తగులుకుంటుంది. మీరు చేయాలనుకుంటే ఇష్టంతో చేయడమే. ఏటా సీజను అయ్యాక, భాగస్వాముల లెక్కలు తేలాక, లాభంలో ఇంత అని నాయన, చిన్నాయన ఒక కాగితం మీద సంతకం పెట్టుకోండి. ఆ మొత్తం చెక్కు మీదో బ్యాంకు బదిలీ మీదో ట్రస్టుకు పంపండి. రెండు వేలు దాటిన నగదు విరాళానికి పన్ను రాయితీ రాదు, మార్కెట్ యార్డు అలవాటు ఇక్కడ పనికిరాదు.

ట్రస్టీల్లో సగం మందైనా బయటివాళ్లు ఉండాలి. ఒక రిటైరైన హెడ్‌మాస్టరు, ఒక డాక్టరు, మీ మిల్లుతో లావాదేవీలు లేనివాళ్లు. ఎందుకంటే నా బల్ల మీదికి వచ్చే కుటుంబ ట్రస్టుల్లో కనిపించే రోగం ఒకటే. పత్తి కొనుగోళ్ల కాలంలో చేతిలో డబ్బు చాలక, నెల రోజులకని ట్రస్టు ఖాతాలోంచి మిల్లుకు తీస్తారు. పెట్టినవాళ్లకు, వాళ్ల బంధువులకు ట్రస్టు సొమ్ము అలా అందితే ఆ సొమ్ముకు మినహాయింపు పోతుంది, అన్నదమ్ముల మధ్య మాట కూడా పోతుంది. వచ్చిన ఆదాయంలో 85 శాతం ట్రస్టు ఉద్దేశాలకే ఖర్చు పెట్టాలన్న నియమం కూడా ఉంది. ఉద్దేశాలు డీడులో (ట్రస్టు పత్రంలో) పదీ పదిహేను రాయించుకుంటారు గానీ, మొదటి ఐదేళ్లు ఒక్కదాని మీద ఉండండి. మిల్లు కూలీల పిల్లలకు పాలిటెక్నిక్ ఫీజులు కట్టడం మీ ఊరికి సరిపోయే పని.

పేరు మాటకొస్తే, రతన్ టాటా పేరు పెట్టకండి. ఆయన పేరుతో ఎవరో అవార్డులు ప్రకటిస్తే ట్రస్టు కోర్టుకు వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ పేరు రక్షణ ఉన్న ప్రసిద్ధమైన పేరని, అనుమతి లేకుండా వాడకూడదని చెప్పింది. ప్రభుత్వం పెట్టిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ అనంతపురంలోనూ ఉంది కదా అంటారేమో. దాని వెనక ప్రభుత్వం, టాటా గ్రూపు ఉన్నాయి. మిల్లు మొదలుపెట్టిన మీ తాత పేరో అవ్వ పేరో పెట్టుకోండి. డీడు ముసాయిదా రాయించాక, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోకముందే, మీ మిల్లు ఆడిటరుకు ఒకసారి చూపించండి. రిజిస్టరైన డీడును మార్చడం మొదట రాయడం కన్నా చాలా కష్టం.